గోలీసోడా సీసాలను ఇసుకతో తోమకండి

సంపాదకులకు నమస్కారం.

పాత గోలీసోడా సీసాలు సేకరించేవారు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నందుకు సంతోషమే గానీ, వాటిని కడిగే తీరు చూస్తే బాధ కలుగుతోంది. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన ఈ సీసాకు మెడలో గోలీ అడ్డుండటం వల్ల బ్రష్షు లోపలికి దిగదు. అందుకని చాలామంది ఇసుక పోసి గిలకొడతారు. నేనూ మొదట్లో అదే చేసి, మా తాతగారి కొట్లో మిగిలిన ఒకే ఒక్క ఆకుపచ్చ సీసాను గీతలపాలు చేసుకున్నాను. నిజానికి గుప్పెడు బియ్యం, గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు. నీటిగార పట్టి ఉంటే వెనిగర్‌లో ఒక రాత్రి నాననివ్వాలి, తుప్పు మరకకు నిమ్మ ఉప్పు వాడాలి. మరిగే నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది.

అయితే ఏళ్ల తరబడి తడిమట్టిలో పడివున్న సీసాపై, తడిపితే మాయమై ఆరగానే మళ్లీ తేలే తెల్లని మసక మురికి కాదు. గాజులోని క్షారాలు తేమకు కరిగిపోగా పైపొరే దెబ్బతిన్న గుర్తు. కడిగితే అది పోదు, మెరుగుపొడితో పైపొరను అరగదీయవలసిందే. దానికోసం ఘాటైన ఆమ్లాల జోలికి వెళ్లేవారిని, ముఖ్యంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తెప్పించుకునేవారిని మీ పత్రిక ద్వారా హెచ్చరించగలరు. అది చర్మాన్ని దాటి ఎముకదాకా హాని చేస్తుంది. నా మటుకు నేను ఆ మసకను అలాగే వదిలేస్తున్నాను.

— ఒక పాఠకుడు, తెనాలి