తుపాను రోజుల్లో ఆరోగ్య కేంద్రాలకు కరెంటు: ఇంధన శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సౌరఫలకాలకు హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌ను (హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే పరికరాన్ని) జతచేసే ఏర్పాటును ముందుగా ఇందుకూరుపేట, కొత్తపట్నం వంటి ఒకటి రెండు చోట్లయినా చేపట్టవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మన తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలమే గండం. 2020 నవంబరులో నివర్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు ఆ కాలంలో వచ్చినవే. స్తంభాలు కూలి లైన్లు తెగే రోజుల్లోనే ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంటుంది గనుక, గ్రిడ్డు పోయిన వేళకే సౌరఫలకాలూ చేతులెత్తేస్తాయి. పైగా గ్రిడ్డుకు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్, లైను మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా, సరఫరా పోగానే తానూ ఆగిపోతుంది. ఆ జాగ్రత్త న్యాయమైనదే; కానీ కప్పు మీద ఫలకాలున్నాయన్న ధైర్యంతో ఉన్న కేంద్రంలో ఎండ కాస్తున్నప్పుడు సైతం, వ్యాక్సిన్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడే ఫ్రిజ్ నిలిచిపోతుంది. బ్యాటరీ ఉంటే కొన్ని గంటలు గడుస్తాయి, మూడు రోజులు గడవవు.

ఫ్యూయల్ సెల్ అవసరం అక్కడే. కిలో హైడ్రోజన్ నుంచి సుమారు 15 యూనిట్ల కరెంటు వస్తుంది. కాన్పుల గది దీపాలు, ఫ్రిజ్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కలిపి సగటున ఒక కిలోవాట్ లోడు అనుకుంటే మూడు రోజులకు 72 యూనిట్లు, అంటే దాదాపు 5 కిలోల హైడ్రోజన్, మామూలు సిలిండర్లలో పది చాలు. డీజిల్‌లా అది నిల్వలో చెడిపోదు. అయితే దీన్ని రోజువారీ రాత్రి వాడకానికి పెట్టడం దండగ: కిలో హైడ్రోజన్ తయారుచేయడానికి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. ప్రతి రాత్రికీ బ్యాటరీయే మేలు. అది అడుగంటాక మాత్రమే ఫ్యూయల్ సెల్ అందుకోవాలి.

మీరు ప్రత్యేకంగా గమనించవలసింది వీటిని కలిపే కన్వర్టర్ సంగతి. ఒక్కో సెల్ లోడు మీద 0.6 నుంచి 0.7 వోల్టులే ఇస్తుంది. పదుల సెల్‌లను పేర్చి, ఆ వోల్టేజీని పెంచి, ఎండను బట్టి మారే ఫలకాల కరెంటుతో ఒకే డీసీ లైనులో కలిపి, అక్కడి నుంచి 230 వోల్టుల ఏసీగా మార్చాలి. ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఫ్యూయల్ సెల్‌కు గాలీ హైడ్రోజనూ అంత వేగంగా అందవు, బలవంతంగా లాగితే లోపలి పొర పాడవుతుంది. ఆ దెబ్బను బ్యాటరీ గానీ, కరెంటును నింపుకొని క్షణాల్లో వదలగల సూపర్ కెపాసిటర్ గానీ కాయాలి. మన ఉప్పుగాలి మరో శత్రువు: సెల్ పీల్చే గాలికి తగిన ఫిల్టర్ లేకపోతే దాని శక్తి సన్నగిల్లుతుంది. సిలిండర్లను గాలి బాగా ఆడేచోట, వరద నీరు చేరని ఎత్తులో ఉంచాలి. టెండర్లు కేవలం ఫలకాల కిలోవాట్లను లెక్కించి కొంటే ఇవేవీ కాగితం మీదికే రావు. గ్రిడ్డు, ఎండ రెండూ లేనప్పుడు ఎన్ని గంటలు సరఫరా ఇవ్వాలో టెండరులోనే రాయించండి.

ఖర్చు ఎక్కువే, కాదనను. అయితే 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌లో పైలట్ ప్రాజెక్టులకు 1,466 కోట్లు ఉన్నాయి. ప్రాణాలు కాపాడే ఇలాంటి ప్రయోగానికి అందులో వాటా అడిగే హక్కు మన తీరానికి ఉంది.

సెప్టెంబరులోగా ఒక కేంద్రంలో పరికరాలు బిగించి, ఫలకాల మీద టార్పాలిన్ కప్పి, మెయిన్ స్విచ్ ఆపి, జిల్లా కలెక్టర్ పర్యవేక్షణలో 72 గంటలు నడిపించండి. ఆ గంటల్లో వోల్టేజీ, ఫ్రిజ్ ఉష్ణోగ్రత, ఖర్చయిన హైడ్రోజన్ ఎంతో నమోదుచేసి ప్రజల ముందు ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విశ్రాంత అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా