ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ నుంచి ఒక లేఖ

ఒరేయ్ బావా,

నీ మెసేజికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబివ్వాలనిపించలేదు, అందుకే ఈ ఉత్తరం. నీ చేతికి పాత కాలనీ పని వచ్చిందన్నావు. పెంకుటిళ్ళు తీసేసి జీ ప్లస్ త్రీ కట్టాలట, "జనాన్ని ఎలా ఒప్పించాలిరా" అని అడిగావు. ఆ ఒప్పించడం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ప్లాను గీసేశాక అడిగితే అది ఒప్పించడమే అవుతుంది. గీయకముందు అడిగితే వేరే కథ.

నీకు రాయాలనే మొన్న ఆదివారం పని గట్టుకుని బైకర్ వెళ్ళొచ్చాను. మా ఊళ్ళోనే, టైన్ నదికి ఎగువన వాలు మీద ఉంటుంది. ఒకప్పుడు ఓడల రేవుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పేట. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళ బారులు, చాలావాటిలో స్నానాల గది కూడా లేదు. వాటిని కూల్చి కొత్తవి కట్టే పని 1960ల చివర్లో రాల్ఫ్ ఎర్స్కిన్ అనే ఆర్కిటెక్ట్‌కి అప్పగించారు. ఆఫీసు ఎక్కడ పెట్టారో తెలుసా? ఆ పేట మధ్యలోనే, అంతకుముందు అంత్యక్రియల ఏర్పాట్లు చూసిన దుకాణంలో. ఆ బృందంలోని వెర్నన్ గ్రేసీ అక్కడే మకాం పెట్టాడు. ఎవరైనా తలుపు తోసుకుని లోపలికి రావచ్చు. ముందు 46 ఇళ్ళు మాత్రం కట్టి, వాటిలోకి రాబోయే కుటుంబాలతో కూర్చుని మాట్లాడారు. వాళ్ళు కాపురం పెట్టాక ఏది బాగుంది, ఏది బాగాలేదు అని విని, తర్వాతి ఇళ్ళు మార్చుకున్నారు. ఈ ఒక్క సంగతీ నువ్వు పట్టుకుంటే చాలు బావా. నీ దగ్గర ఒక బ్లాకు ముందు కట్టే వీలుందా? ఉంటే అదే మీ బడి.

ఉత్తరం వైపు మైలు పైన పొడుగున్న గోడలాంటి కట్టడం ఉంది. అటు చిన్న చిన్న కిటికీలే, ఎందుకంటే చలిగాలితో పాటు అప్పట్లో వేయాలనుకున్న మోటార్‌వే (పెద్ద రహదారి) రొద కూడా ఆపాలి. దక్షిణం వైపు తిరిగావా, రంగు రంగుల చెక్క బాల్కనీలు, పూల కుండీలు, ఎండ. పాత చర్చీలు, పబ్బులు, ఈత కొలను ఉన్న స్నానశాల కూల్చలేదు. మనవాళ్ళ రావిచెట్టు అరుగు లాంటివి అవి, జనం ఒకరికొకరు తారసపడే చోట్లు. 2007లో దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు.

అలాగని అంతా గెలుపే అనుకోకు. "బైకర్ బైకర్ వాళ్ళకే" అన్నారు గానీ, కూల్చినంత వేగంగా కట్టలేకపోయారు. మధ్యలో వేల మంది చెదిరిపోయారు, చాలామంది మళ్ళీ తిరిగి రాలేదు. మీ దగ్గర కూడా ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి తాళం చెవి చేతికొచ్చే రోజు దాకా ఎవరు ఎక్కడ ఉంటారు, పిల్లల బడి ఏమిటి, అద్దె ఎవరిస్తారు, ఇది ప్లాను కంటే ముందు తేలాలి. నాకైతే భయం అక్కడే.

లండన్‌లో 2018 నుంచి ఇంకో అడుగు వేశారు. మేయర్ నిధులతో పాత ఇళ్ళు కూల్చి, కనీసం 150 కొత్తవి కట్టాలంటే ముందు నివాసులు ఓటేయాలి. ప్రభుత్వ ఇంటి అద్దె ఒప్పందంలో పేరుండి, పదహారేళ్ళు నిండితే చాలు. ఏడాదికి పైగా అక్కడే ఉంటున్న సొంత ఫ్లాటు వాళ్ళకీ ఓటుంది. ఓటు అనేసరికి అధికారుల మాట తీరే మారిపోతుంది. వినకపోతే ఏమవుతుందో 2017 జూన్‌లో అదే లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన ఇళ్ళ భవనం తగలబడి చూపించింది. అగ్గి భయం గురించి నివాసులు అంతకుముందే హెచ్చరించారు. 72 మంది పోయారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇక 'సామాజిక విలువ' సంగతి. 2012లో ఇక్కడ దీనికో చట్టమే చేశారు, మరుసటేడు జనవరి నుంచి అమలు. ప్రభుత్వ సంస్థలు సేవల కాంట్రాక్టు ఇచ్చేముందు, చౌక ధర ఒక్కటే కాకుండా ఆ ఊరి జనానికి ఏం మేలు జరుగుతుందో కూడా ఆలోచించాలి. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వ టెండర్లలో దీనికి కనీసం నూటికి పది మార్కులు. నేను ఆ కాగితాలు నింపుతుంటాను కదా, నా అభిప్రాయం చెప్తా విను. ఒక శనివారం బడి గోడకి సున్నం వేసి వచ్చామని రాయడం తేలిక. ఆ పేట కుర్రాడికి రెండేళ్ళు కరెంటు పని నేర్పి, చేతికి సర్టిఫికెట్ వచ్చేదాకా వెంట ఉండటం కష్టం. విలువ రెండోదానిదే. నీ టెండరులో ఆ కాలనీ వాళ్ళకి మేస్త్రీ పని, ప్లంబింగ్ నేర్పాలన్న షరతు పెట్టించగలవా?

మా దగ్గర ఒక మీటింగ్ చెప్పాలి. డ్రాయింగులన్నీ బల్ల మీద పరిచాం. ఒక ముసలావిడ బస్‌స్టాప్ మీద వేలు పెట్టి, మెల్లగా తన తలుపు దాకా జరిపి, "మధ్యలో నేను ఎక్కడ కూర్చోవాలి?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒక్క బెంచీ కూడా గీయలేదు మేము. ఇప్పుడు ఆ దారిలో మూడున్నాయి. అంతకుముందు అదే పనికి పగలు రెండు గంటలకి మీటింగ్ పెట్టాం, ఒక్కరూ రాలేదు. కూలికి వెళ్ళినవాళ్ళు ఎలా వస్తారు?

ఇదంతా ఇంగ్లండు వాళ్ళ విద్య అనుకోకు. మన హైదరాబాద్‌లో 1967లోనే పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. బస్తీల్లో తిరిగే కార్యకర్తలు, పట్టాలు, బ్యాంకు అప్పులు, ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకోవడం. ఆ తర్వాత బ్రిటన్ సాయం కూడా అందింది. ఆ రోజుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళెవరైనా దొరుకుతారేమో వెతుకు, నాకంటే బాగా చెప్తారు.

జనవరిలో వస్తున్నాను. నన్ను ఆ కాలనీకి తీసుకెళ్ళు, సాయంత్రం ఆరు దాటాక, కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఉండే వేళకి. డ్రాయింగులు ఇంట్లోనే ఉంచెయ్.

అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు. మోకాలు నొప్పి తగ్గిందో లేదో రాయి.

నీ
బావ