ఇన్సులిన్ మానమని రాసేముందు టైప్ 1 సంగతి తెలుసుకోండి

సంపాదకుల వారికి,

అయ్యా, గత వారం మీ ఆరోగ్యం పేజీలో మధుమేహం మీద వచ్చిన వ్యాసం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నడక, ఆహార నియమాలతో ఇన్సులిన్ సూది మానేయవచ్చని పెద్ద అక్షరాల్లో వేశారు. ఎవరు మానవచ్చో, ఎవరు మానకూడదో ఒక్క ముక్క లేదు. టైప్ 1 ప్రస్తావనే లేదు. టైప్ 1 ఉన్న బిడ్డకు ఇన్సులిన్ పూర్తిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

టైప్ 1లో రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. తీపి తిన్నందుకు వచ్చేది కాదు, పెంపకంలో లోపమూ కాదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలను బతికించే మందే లేదు. టైప్ 2 సంగతి వేరు. ఇన్సులిన్ ఊరుతూనే ఉంటుంది గానీ కాలేయం, కండరాలు దానికి సరిగా స్పందించవు. బరువు బాగా తగ్గినవారిలో కొందరికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంటుంది, నిజమే. మీ వ్యాసం చెప్పింది ఆ కొందరి గురించే. ఏళ్లు గడిచాక టైప్ 2 వారిలోనూ చాలామందికి ఇన్సులిన్ అవసరమవుతుంది, అది వారి తప్పు కాదు.

చికిత్సా ఒకటి కాదు. టైప్ 2లో సాధారణంగా మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా.తో, భోజనంతో పాటు మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఒక్కసారి పెంచితే విరేచనాలు పట్టుకుంటాయి, రోగి మాత్ర మానేస్తాడు. ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది. టైప్ 1కు మాత్రలు ఇన్సులిన్‌కు బదులు కావు. రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒకటి, ప్రతి భోజనానికి 10-15 నిమిషాల ముందు త్వరగా పనిచేసేది ఇంకొకటి. మొత్తం మోతాదు చాలామందికి రోజుకు కిలో బరువుకు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా ఉంటుంది, యుక్తవయసులో ఇంకా పెరగవచ్చు. జ్వరం, వాంతులు వచ్చి తినలేకపోతున్నారని సూది ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. జబ్బు చేసినప్పుడు ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. మూడు నాలుగు గంటలకోసారి షుగర్, దానితో పాటు కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) చూసుకుంటూ డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేసుకోవాలి.

సిరంజి గురించి ఏ పత్రికా రాయదు. మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లున్న దానికి నారింజ మూత సిరంజి వాడాలి. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తిరగబడితే 20 అనుకున్నది 50 అవుతుంది, మనిషి స్పృహ తప్పుతాడు. అమ్మేవాళ్లు చెప్పరు, చీటీలో రాసేవాళ్లు రాయరు. ఒకే చోట పొడిచి పొడిచి చర్మం కింద గడ్డ కట్టినా అక్కడి నుంచి ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు, షుగర్ ఎందుకు ఎగుడుదిగుడు అవుతోందో అర్థం కాక డాక్టరు మోతాదు పెంచుతూ పోతాడు. గడ్డ లేని కొత్త చోట పొడవగానే పెరిగిన ఆ మోతాదంతా ఒక్కసారి పనిచేసి షుగర్ పడిపోతుంది.

ఇక అధికారులు. ఏటా ప్రపంచ మధుమేహ దినమైన నవంబరు 14న శిబిరాలు పెట్టి పెద్దవాళ్ల వేలు గుచ్చి, ఊరేగింపు చేసి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అతిగా దాహం, పక్క తడపడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే పిల్లలకు అదే రోజు షుగర్ పరీక్ష చేయాలని ఒక్క గోడ మీదైనా రాయించరు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వచ్చిన బిడ్డకు అజీర్తి మందో, ఉబ్బసం మందో ఇచ్చి పంపేస్తే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ గంటల్లో ముదురుతుంది. ఈ లక్షణాలుండి ఏ వేళ చూసినా 200 దాటితే చాలు, పరగడుపు పరీక్ష కోసం మర్నాటిదాకా ఆగకూడదు. పెద్దవాళ్లకూ టైప్ 1 వస్తుంది. సన్నగా ఉండి, మాత్రలు కొద్ది నెలలకే పనిచేయకుండా పోతే గ్యాడ్ యాంటీబాడీ (బీటా కణాల మీద రోగనిరోధక వ్యవస్థ దాడిని పట్టిచ్చేది), సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతోందో చెప్పేది) పరీక్షలు చేయించాలి. వయసు చూసి టైప్ 2 అని రాసేసి చేతులు దులుపుకోవడం మామూలైపోయింది.

బడుల పరిస్థితి మరీ ఘోరం. సూది తెచ్చుకోవద్దనడం, పాఠం మధ్యలో మూత్రానికి పంపకపోవడం! షుగర్ 70 కన్నా తగ్గి చెమటలు, వణుకు వస్తే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ సూది వేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ రెండు సంగతులు ప్రతి టీచరుకూ నేర్పడానికి ఒక్క పూట చాలు. విద్యాశాఖకు ఆ ఒక్క పూటా దొరకడం లేదు.

ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో, టైప్ 1 ఉన్నవారు ఏ కారణంతోనూ ఇన్సులిన్ ఆపకూడదని, టైప్ 2 వారు కూడా డాక్టరు చెప్పకుండా మానకూడదని సవరణ వేయండి. లోపలి పేజీలో చిన్న గడి కట్టి వేస్తే, వ్యాసం చదివినవారి కంట అది పడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు