ఏప్రిల్–సెప్టెంబర్ 2025 జమా ఖర్చులు, రాబోయే నాలుగు ప్రదర్శనలు

సభ్యులకు, చందాలిచ్చిన మిత్రులకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో మనందరం కలిసి నడుపుకుంటున్న చిన్న సినిమా ప్రదర్శనశాలకు సంబంధించిన ఆరు నెలల లెక్క ఇది. అంకెలలోకి వెళ్లేముందు ఒక విషయం చెప్పాలి. కొత్త ప్రొజెక్టర్ కోసమని మీరిచ్చిన డబ్బులో 3,248 రూపాయలు ఇతర ఖర్చులకు వాడేశాం. ఒక పనికని ఇచ్చిన డబ్బును మరో పనికి వాడటం తప్పు. అది ఎలా జరిగిందో, దాన్ని ఎలా పూడ్చామో కింద వివరంగా రాశాం.

ఏప్రిల్ 1 నాటికి మన దగ్గర నిల్వ 14,260 రూపాయలు. ఈ ఆరు నెలలకు 118 మంది సభ్యులు తలా 500 చొప్పున 59,000, 41 మంది విద్యార్థులు తలా 200 చొప్పున 8,200 కట్టారు. ప్రొజెక్టర్ నిధికి 63 మంది ఇచ్చినది 96,350. ఇందులో 50 రూపాయలు ఇచ్చినవారి నుంచి 10,000 ఇచ్చినవారి వరకు ఉన్నారు. అందరికీ ఒకే రకం రశీదు ఇచ్చాం. ఎవరెంత ఇచ్చారన్నది బోర్డు మీద రాయకూడదని మొదటి సమావేశంలోనే అనుకున్నాం కనుక ఇక్కడా పేర్లు రాయడం లేదు. తలుపు దగ్గరి హుండీలో ఐదు ప్రదర్శనలకు కలిపి 11,475 వచ్చింది. పాడైపోయిన పాత స్పీకరు పెట్టెలు అమ్మితే 1,800, బ్యాంకు వడ్డీ 312. మొత్తం జమ 1,77,137. పాత నిల్వతో కలిపితే 1,91,397.

ఖర్చులలో పెద్దది ప్రొజెక్టరే. కొత్తది కొనే స్తోమత లేక, వాడి బాగుచేసిన యంత్రాన్ని 78,000కు కొన్నాం. రవాణాకు, బిగింపుకు 3,650 అయింది. అంటే ఆ నిధిలో 81,650 పోగా 14,700 మిగలాలి. దీపం కాలం తీరినప్పుడు కొత్తది వేయడానికి ఆ మొత్తాన్ని పక్కన పెట్టాలనుకున్నాం. వేసవిలో పాత యంత్రంతో రాత్రి సన్నివేశాలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది, తెర మీద మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చేది. జూలైలో కొత్త యంత్రం వెలుగు తెర మీద పడగానే వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు చప్పట్లు కొట్టారు. చందాలిచ్చిన అందరికీ ఆ చప్పట్లు చెందుతాయి.

సినిమాల ప్రదర్శన హక్కులకు 38,500 చెల్లించాం. ఇది ఎందుకంత అని కొందరు అడిగారు. డిస్కు దొరుకుతుంది, ఇంటర్నెట్‌లో ఉంటుంది, తెచ్చి వేసేయవచ్చు కదా అన్నారు. ఇంట్లో చూడటానికి కొన్న ప్రతితో పదిమందిని పిలిచి ప్రదర్శించే హక్కు మనకు రాదు. దాన్ని హక్కుదారుల దగ్గర విడిగా తీసుకోవాలి. పైగా మంచి సినిమా బతకాలని సంఘం పెట్టుకున్నవాళ్లం, ఆ సినిమా తీసినవారికి చెందవలసిన డబ్బు ఎగ్గొట్టడం మాకు సమ్మతం కాదు. ఈ పద్దు తగ్గించే ఆలోచన కమిటీకి లేదు.

హాలు అద్దె నెలకు 4,000 చొప్పున 24,000. ఆంప్లిఫైయర్ మరమ్మతుకు, తీగలకు 6,840. కరెంటు 5,214. జనరేటర్ రెండుసార్లకు 3,000. అద్దె కుర్చీలు, ప్రదర్శనకు అరవై చొప్పున ఆరుసార్లకు 2,880. పోస్టర్లకు, కరపత్రాలకు 4,350. మాట్లాడటానికి వచ్చిన ఇద్దరు అతిథుల ప్రయాణానికి 3,260. టీ, బిస్కెట్లు 4,905. హాలు ఊడ్చి సర్దినవారి కూలి 4,200. రశీదు పుస్తకాలు, బ్యాంకు రుసుములు 1,146. వీటన్నిటితో మొత్తం ఖర్చు 1,79,945. సెప్టెంబర్ 30 నాటికి చేతిలో మిగిలినది 11,452. అందులో బ్యాంకులో 10,162, నగదు 1,290.

ఉండవలసిన 14,700కు, ఉన్న 11,452కు మధ్య తేడాయే మొదట చెప్పిన 3,248. దీనికి ముఖ్య కారణం ఆగస్టు ప్రదర్శన. ఆ సినిమా ఫైలు ఆ ఒక్క సాయంత్రం మాత్రమే తెరుచుకునేలా తాళంతో వచ్చింది. వాన మొదలై కరెంటు పోయింది. అప్పటికప్పుడు కబురు పెట్టిన జనరేటర్ వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అప్పటికి తాళం గడువు ముగిసింది. హక్కులకు కట్టిన 7,500 వెనక్కి రాలేదు, కుర్చీల అద్దె, జనరేటర్ అద్దె ఎలాగూ ఇవ్వవలసి వచ్చింది, హుండీ తెరవనే లేదు. తడుస్తూ వచ్చి తిరిగి వెళ్లిన డెబ్బై మందికి మరోసారి క్షమాపణలు. వానాకాలంలో జనరేటర్‌ను ముందే తెచ్చి పెట్టుకోకపోవడం మా పొరపాటు. సెప్టెంబర్ ప్రదర్శనకు ముందుగానే తెప్పించాం, ఇకపై ప్రతి ప్రదర్శనకూ అలాగే తెప్పిస్తాం.

ఈ లోటును చందాదారుల మీద వేయడం న్యాయం కాదు. అందుకే అక్టోబర్ 12న కూర్చున్నప్పుడు కమిటీలోని తొమ్మిది మందిమి తలా 400 వేసి 3,600 జమ చేశాం. అందులో 3,248 ప్రొజెక్టర్ నిధికి చేరింది, మిగిలిన 352 సాధారణ ఖాతాలో ఉంది. ఇకపై నిధికి వేరే బ్యాంకు ఖాతా ఉంటుంది. ఈ జమ వచ్చే లెక్కలో కనిపిస్తుంది.

ఇక ముందున్న ప్రదర్శనలు. చందాలతో నడిచే హాలు కనుక, జనం డబ్బుతో పుట్టిన సినిమాలతోనే మొదలుపెడదామని సభ్యులు కోరారు. నవంబర్ 9న శ్యామ్ బెనెగల్ ‘మంథన్’. 1976లో గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది తలా రెండు రూపాయలు వేసి తీయించుకున్న సినిమా అది. పునరుద్ధరించిన ప్రతిని 2024లో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. డిసెంబర్ 14న మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం తీసిన చిత్రం ‘అమ్మ అరియాన్’, 1986. ఒడెస్సా అనే సినిమా బృందం కేరళలో ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి తీసిన చిత్రం. ఈ సినిమా నెమ్మదిగా సాగుతుంది, భాష మనది కాదు కనుక కథాసారాంశం తెలుగులో అచ్చు వేయించి తలుపు దగ్గరే ఇస్తాం. దయచేసి కదలకుండా చివరిదాకా చూడండి.

సంక్రాంతికి చాలామంది ఊళ్లకు వెళతారు కాబట్టి జనవరి ప్రదర్శన 25న పెట్టాం. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’, 1979. తెలంగాణ సాయుధ పోరాటాన్ని చూపిన ఈ చిత్రంలో గద్దర్ గొంతుతో ‘బండెనక బండి కట్టి’ పాటను హాలు నిండా వినాలన్నది మాలో చాలామంది ఎన్నాళ్లగానో కంటున్న కల. ఆంప్లిఫైయర్ బాగుచేయించినది ఇలాంటి రోజు కోసమే. ఫిబ్రవరి 8న మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’, 1977. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారం. ఇది చందాల సినిమా కాదు, కానీ సభ్యుల ఓటింగులో అన్నిటికంటే ఎక్కువమంది కోరినది ఇదే. నాలుగూ ఆదివారాలే, సాయంత్రం ఆరు గంటలకు మొదలవుతాయి.

అక్టోబర్ నుంచి మార్చి వరకు ఖర్చు సుమారు 72,000 అవుతుందని అంచనా. అందులో హక్కులకు 27,000, హాలు అద్దెకు 24,000, జనరేటర్‌కు 6,000, మిగతావి చిల్లర పద్దులు. గత సభ్యులందరూ మళ్లీ కడితే 67,200 వస్తుంది, మిగతాది హుండీ పూడుస్తుంది. ఇప్పటికి 71 మంది కట్టారు. చందా రేట్లు పెంచడం లేదు. విద్యార్థులలో 200 కూడా కట్టలేనివారు ఉంటే కమిటీలో ఎవరికైనా చెవిలో ఒక మాట చెప్పండి చాలు.

లెక్కల పుస్తకాన్ని కమిటీలో లేని ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు బ్యాంకులో పనిచేసి విరమించినవారు, రశీదులతో సరిచూసి సంతకం చేశారు. నవంబర్ 9న ఐదు గంటల నుంచే పుస్తకం, రశీదుల కట్టలు తలుపు పక్క బల్ల మీద ఉంటాయి.

అక్టోబర్ 17, 2025
కమిటీ తరఫున, కోశాధికారి