ఉచితంగా దొరికినవన్నీ పంచిపెట్టలేం

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కావలి. నేనూ, ఇంకో నలుగురు మిత్రులూ కలిసి బళ్లలో మూలనపడ్డ పాత కంప్యూటర్లకు డెబియన్ లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేసి, తెలుగు ఫాంట్లూ టైపింగూ డిక్షనరీ అన్నీ ప్యాకేజీలుగా, అంటే కంప్యూటర్లో నేరుగా వేసుకునే మూటలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంటాం. మొన్న బిట్రగుంట దగ్గర ఒక బడికి వెళ్తే హెడ్మాస్టరు గారు ఒక ఫాంటు పేరు చెప్పి, ప్రశ్నపత్రాలన్నీ దాంట్లోనే కొట్టుకుంటాం, మీ దాంట్లో అది లేదేందని అడిగారు. "నెట్‌లో ఊరకనే ఇస్తున్నారు గదండీ, మళ్లీ పర్మిషనేంది?" అన్నారు. ఆ మాట చాలామంది అంటున్నారు కాబట్టే ఈ ఉత్తరం.

ఆ రాత్రి ఆ ఫాంటు జిప్ ఫైలు దించుకుని విప్పి చూశాను. ఫాంటు ఫైలొకటి, నమూనా బొమ్మొకటి, అంతే. లైసెన్సు, అంటే ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి పత్రం, అన్న ఫైలే లేదు. మళ్లీ వాళ్ల వెబ్ పేజీకి పోయి కిందిదాకా జరిపితే చిన్న అక్షరాల్లో ఒక్క ముక్క కనబడింది, వ్యక్తిగత వాడకానికి మాత్రమే అని. అంటే హెడ్మాస్టరు గారు తన ఇంటి కంప్యూటర్లో వేసుకోవచ్చేమో గానీ, మేం కాపీలు తీసి బడి బడికీ ఇవ్వడానికి ఆ మాట చాలదు. అసలు ఏమీ రాయకపోయినా అంతే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చేసినవాళ్లు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప కాపీ చేసి పంచే హక్కు వాళ్లదే, ఊరుకున్నారంటే ఒప్పుకున్నారని కాదు.

డెబియన్ వాళ్లు 1997లోనే దీనికి నియమాలు రాసుకున్నారు. ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్న లైసెన్సు ఉంటేనే తమ సాఫ్ట్‌వేర్ల ఖజానాలోని ప్రధాన విభాగంలోకి తీసుకుంటారు. వ్యాపారానికి వాడకూడదని ఒక్క షరతున్నా, పంచడానికి వీలుంటే దాన్ని నాన్‌ఫ్రీ అని వేరే విభాగంలో పెడతారు, పంచే వీలు కూడా లేకపోతే అసలు తీసుకోరు. ఒక ప్రోగ్రాం లైసెన్సులో "దీన్ని మంచికే వాడాలి, చెడుకు కాదు" అని రాసి ఉంటే దాన్నీ పక్కన పెట్టారు. మొదట చదివినప్పుడు నాకు ఇదేం మొండితనం అనిపించింది, తర్వాత ఆలోచిస్తే ఆ మంచీ చెడూ తేల్చేదెవరు, రేపు గొడవొస్తే పంచినవాడి గతేంటి అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మైక్రోసాఫ్ట్ పాత వెబ్ ఫాంట్లకు డెబియన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. వాటి అసలు ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగానే పంచాలి, మార్చి పంచకూడదని షరతు, అందుకే ప్యాకేజీలో ఫాంట్లుండవు, దాన్ని వేయగానే అది నెట్‌లోంచి ఆ ఫైళ్లు దించి మన మిషన్‌లోనే విప్పుతుంది. తెలివైన పనే గానీ మా బళ్లలో నెట్ అంటే పంతులు గారి ఫోన్ హాట్‌స్పాటే, సగంలో ఆగిపోతే మళ్లీ మొదట్నుంచి.

దేశికాచార్యులు గారు తాము చేసిన పోతన, వేమన తెలుగు ఫాంట్లను జీపీఎల్ (ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనే లైసెన్సు) కింద విడుదల చేశారు కాబట్టే అవి ఈరోజు డెబియన్‌లోనే దొరుకుతున్నాయి. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. ఆ లైసెన్సు ప్రకారం ఫాంటునొక్కదాన్నే అమ్ముకోకూడదు గానీ వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఎంతమందికైనా ఇవ్వొచ్చు. బ్రౌను నిఘంటువు 1852 నాటిది, ఎవర్నీ అడగక్కర్లేదు. కొత్త నిఘంటువులు మాత్రం చాలావరకు చూడ్డానికి ఉచితమే, ప్యాకేజీలో పెట్టడానికి వీల్లేదు, మన పిల్లలకు నిన్నామొన్నటి మాటలకు అర్థాలు అందకపోవడానికి ఇదొక కారణం.

తెలుగు ఫాంటో, నిఘంటువో, స్పెల్‌చెకరో చేసి జనానికి ఇచ్చే అందరికీ, ముఖ్యంగా ప్రజల సొమ్ముతో చేసే ప్రభుత్వ సంస్థలకు, నా విన్నపం ఒక్కటే. ఫైలు పెట్టే చోటే లైసెన్సు ఫైలు కూడా పెట్టండి, ఇతరులు పంచుకోవచ్చో లేదో తెలుగులో రెండు వాక్యాలు రాయండి.

ఆ ఫాంటు చేసినాయనకు రెండు మెయిళ్లు పెట్టాను. సరేనని జవాబొస్తే ఆ రోజే ప్యాకేజీ కట్టి, మొదటి పెన్‌డ్రైవ్ ఆ హెడ్మాస్టరు గారికే తీసుకెళ్తాను.

- ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా