ఆల్బమ్ బస్సెక్కి పోయింది

అనంతపురం
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనా,

బాగుండావా? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెబితే సగంలోనే మాట మారుస్తావని కూర్చొని రాస్తున్నా.

పోయిన వారం ఒక పెళ్లి ఆల్బమ్ హైదరాబాదు ల్యాబుకు పంపాల్సి వచ్చింది. మొత్తం 40 జీబీ. రాత్రి పది గంటలకు అప్‌లోడ్ పెట్టి పడుకున్నా. పొద్దున ఆరింటికి లేచి చూస్తే నాలుగు శాతం! రౌటర్ ఆపి వేశా, వైరు పీకి పెట్టా. కడకు నెట్ వాళ్లకు ఫోన్ చేస్తే, "మీ ఎఫ్‌యూపీ అయిపోయింది సార్, స్పీడు 512 కేబీపీఎస్‌కు పడిపోయింటుంది" అన్నాడా పిల్లోడు. నేను కట్టేది 'అన్‌లిమిటెడ్' ప్లాను. ఎఫ్‌యూపీ అంటే వాళ్లు పెట్టిన హద్దంట; నెలకు 500 జీబీ దాటితే స్పీడు తగ్గిస్తామని కాగితంలో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. లెక్కేసి చూశా. ఆ స్పీడుకు ఒక జీబీ పోవాలంటే నాలుగు గంటలపైనే. 40 జీబీకి వారం దాటుతుంది. పెళ్లికూతురి నాయన చూస్తే రోజుకు రెండుసార్లు ఫోన్.

ఏం చేశానో తెలుసా? హార్డ్‌డిస్కును తువ్వాల్లో చుట్టి, స్వీటు డబ్బాలో పెట్టి, బస్టాండుకు పోయి పార్సిల్ వేసొచ్చా. మరుసటి రోజు పొద్దున్నే ల్యాబు వాళ్లు అందిందని చెప్పినారు. కంటికి నీళ్లు వచ్చినంత పనైంది రా.

నెట్ కంపెనీ వాళ్లేమో ఎక్కువ వాడేవాళ్ల వల్ల అందరికీ ఇబ్బంది అంటారు. మీ నాయన హెచ్చెల్సీ కాలువ కింద మడికి నీళ్లు కట్టేటప్పుడు చూశాం కదా, తుంగభద్రలో నీళ్లు తగ్గితే వంతులు తప్పవు. పారిన నీళ్లు మళ్లీ రావు. డేటా అట్లా అయిపోయే సరుకు కాదు. రాత్రి ఎనిమిదింటికి వీధంతా సినిమాలు, క్రికెట్టు పెడితే లైను ఇరుకవుతుంది, నిజమే. అర్ధరాత్రి దాటి రెండు గంటలకు అదే లైను ఖాళీ. అప్పుడు నా ఫొటోలు పోతే ఎవరి నోటికాడ కూడు లాక్కున్నట్టు? రద్దీ ఉండేది గంటల్లో, కొలిచేది నెల మొత్తానికి. అందుకే నాకు కడుపు మండుతోంది.

దీనికంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. ఏ రకం డేటా పోతోందో చూసి, దాన్ని మాత్రమే నొక్కిపెట్టడం. 2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ, ఫైళ్లు ఒకరికొకరు పంచుకునే బిట్‌టొరెంట్ వాడేవాళ్ల కనెక్షన్లను చెప్పాపెట్టకుండా తెంపుతున్నట్టు బయటపడింది. పాతకాలం పాటలు పంచుకునే ఒకాయన, తన ఫైళ్లు ఎందుకు పోవడంలేదని ఓపిగ్గా తవ్వితే దొరికిందది. 2008లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆపమంది. అదే ఏడాది అక్టోబరులో ఆ కంపెనీ నెలకు 250 జీబీ అని హద్దు గీసింది.

మన దేశంలో నయం. నెట్‌లో పోయే డేటానంతా ఒకేలా చూడాలని, అంటే నెట్ న్యూట్రాలిటీ కావాలని, 2015లో లక్షలమంది మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఈమెయిళ్లు రాసినారు. 2016 ఫిబ్రవరి 8న, సైటును బట్టి డేటాకు వేరే వేరే రేట్లు పెట్టకూడదని ట్రాయ్ తేల్చేసింది. 2018లో నెట్ న్యూట్రాలిటీ నియమాలకు కేంద్రం ఒప్పుకుంది. అయితే హద్దు దాటినాక అన్నిట్నీ ఒకేలా నెమ్మది చేస్తే ఆ నియమాలు అడ్డురావు. నా గోడు అక్కడే ఉంది. సగం వాడినాక ఒకసారి, 90 శాతానికి ఇంకోసారి కస్టమరుకు చెప్పాలని కూడా 2016లోనే ట్రాయ్ ఆదేశమిచ్చింది. నా ఫోనంతా వెతికినా ఒక్క మెసేజీ లేదు. అది పట్టుకునే ఫిర్యాదు పెట్టా, నంబరు రాసిపెట్టుకున్నా.

కడపలో నువ్వు వాడే లైనుకు హద్దెంత, దాటినాక స్పీడెంత? కాగితం అడుగు దాకా చదివి రాయి. వచ్చే నెల మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్నా. ఆలోపల లైను మార్చాలా, ఇంకో హార్డ్‌డిస్కు కొనాలా తేల్చుకోవాల.

నీ
రమణ