సంతకాల క్యూలో చోటిచ్చిన అక్కకు

హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, ఎన్టీఆర్ స్టేడియంలో, ఆ ఆదివారం సాయంత్రం సంతకాల క్యూలో నా ముందు నిలబడ్డ ఆకుపచ్చ చీర అక్కకు ఈ కృతజ్ఞతలు. మీ పేరు అడగడం మర్చిపోయాను.

నేను నల్గొండ నుంచి వచ్చాను. చేతిలో ఉన్నది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ. ఇంటర్‌లో, హాస్టల్లో ఎవరితోనూ కలవలేని రోజుల్లో, నాలుగుసార్లు చదివిన నవల. తెలుగులో చందమామ కథలు దాటగానే నేరుగా పెద్దవాళ్ల నవలలే. పదహారేళ్ల పిల్లల మనసు పట్టుకుని రాసేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఆ రచయిత్రిని చూడాలని అంత ఆత్రం.

ఎంజీబీఎస్‌లో ఏడింటి బస్సు తప్పితే ఇంట్లో టెన్షన్. నేను మాటిమాటికీ టైం చూస్తుంటే "బస్సుందా చెల్లీ?" అని అడిగారు. మీ చోటు ఇవ్వడమే కాదు, ముందున్న ఆరుగురినీ ఒక్కొక్కరిగా బతిమాలి నన్ను పంపారు.

తీరా ఆమె ఎదుట నిలబడితే గొంతు పెగల్లేదు. చిరిగిన అట్ట చూపించడానికి సిగ్గేసింది. మీరే పక్కకొచ్చి, "ఈ అమ్మాయి దీన్ని నాలుగుసార్లు చదివిందండీ" అన్నారు. ఆమె తలెత్తి, ఆ అట్టను చేత్తో నిమిరి, ఏ భాగం ఇష్టమని అడిగారు. అప్పుడు మాటలొచ్చాయి. రెండు నిమిషాలు మాట్లాడాను అక్కా, ఆమెతో!

వెళ్తూ తిరిగి చూస్తే మీరు క్యూ చివర్లో ఉన్నారు. మీ చేతిలోని కొత్త పుస్తకం మీ చెల్లెలికన్నారు కదా. తనకు సంతకం దొరికిందా?